హక్కుల సమస్యను విధాన మార్పు దాకా తీసుకెళ్లడం ఎలా: పౌర సంఘాలకు ఒక మార్గదర్శి

ఒక అన్యాయం కళ్ల ముందు జరుగుతున్నప్పుడు సంఘంగా కూడిన వారు సాధారణంగా మొదట రాసేది వినతిపత్రం. అందులో ఆవేదన నిజాయితీగా ఉంటుంది, రాజ్యాంగం ప్రస్తావన ఉంటుంది, వెంటనే న్యాయం చేయాలన్న విజ్ఞప్తి ఉంటుంది. ఎవరు, ఏ చట్టం ఇచ్చిన అధికారంతో, ఏ కాగితం మీద సంతకం చేస్తే ఆ అన్యాయం ఆగుతుందో మాత్రం చాలాసార్లు ఉండదు. అటువంటి వినతిపత్రం అందుకున్న అధికారి దానిని ‘తగు చర్య నిమిత్తం’ మరో శాఖకు పంపిస్తే ఆయన బాధ్యత తీరిపోతుంది. సంఘం పని మళ్లీ మొదటికొస్తుంది. కాబట్టి ఇక్కడ చెప్పే ప్రతి దశలోనూ మీరు ఆ సంతకాన్ని దృష్టిలో పెట్టుకొని నడవండి. అది ఎవరిది, అది పెట్టడానికి వారికి ఏం అవసరం, పెట్టకుండా తప్పించుకోవడానికి వారి దగ్గర ఏ సాకు ఉంది అన్నవి తేలితే మిగిలిన పని ఒక క్రమంలోకి వస్తుంది.

సంతకం ఎవరిదో తేల్చుకోండి

ముందుగా సమస్య ఎక్కడ ఆగిపోయిందో పరిశీలించండి. చట్టమే లేకపోవచ్చు, చట్టం ఉండి దాని కింద నియమావళి రాకపోవచ్చు, రెండూ ఉండి నిధులో సిబ్బందో లేకపోవచ్చు, అన్నీ ఉండి కూడా అమలు చేయవలసినవారు చేయకపోవచ్చు. మొదటిది చట్టసభ చేయవలసిన పని, రెండోది మంత్రిత్వ శాఖ పని, మూడోది ఆర్థిక శాఖ బడ్జెట్ తయారుచేసే నెలల్లో తేలే పని, నాలుగోది పర్యవేక్షణ అధికారులు, కమిషన్లు, న్యాయస్థానాలు చూడవలసిన పని. నియమావళిలో ఒక్క వాక్యం మారిస్తే సరిపోయే చోట కొత్త చట్టం కోసం ఉద్యమిస్తే ఏళ్ల శ్రమ వృథా అవుతుంది. నిధుల కొరత వల్ల ఆగిన పనికి కొత్త చట్టం తెచ్చుకున్నా, కాగితం మీద హక్కు పెరుగుతుంది తప్ప మనుషుల పరిస్థితి మారదు.

ఈ విషయంలో రాజస్థాన్‌లో 1990లో ఏర్పడిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీలు, రైతుల సంఘం నడిచిన దారిని ప్రతి సంఘమూ శ్రద్ధగా చదవాలని నా అభిప్రాయం. ప్రభుత్వ పనులకు వెళ్లిన కూలీలకు కనీస వేతనం అందడం లేదన్నది వారి ముందున్న సమస్య. అడిగినప్పుడల్లా, రికార్డుల ప్రకారం మీరు ఆ మేరకు పని చేయలేదన్న సమాధానమే వచ్చేది. రికార్డులు చూపించమంటే అవి ప్రభుత్వ రహస్యాలనేవారు. సంఘం ఇక్కడే అసలు పట్టు దొరికించుకుంది. న్యాయం చేయమని మళ్లీ మళ్లీ అడగడం మానకుండానే, మస్టర్ రోళ్లు (కూలీల హాజరు పట్టికలు), బిల్లులు, వోచర్ల నకళ్లు ఇవ్వాలన్న నిర్దిష్టమైన కోరికను ముందుకు తెచ్చింది. 1996లో బ్యావర్ పట్టణంలో 40 రోజుల పాటు సాగిన ధర్నా ఆ కోరిక మీదే జరిగింది. అదే ఏడాది సమాచార హక్కు కోసం జాతీయ స్థాయి ప్రచార వేదిక ఏర్పడింది, 2005లో దేశమంతటికీ సమాచార హక్కు చట్టం వచ్చింది. వేతనం ఎగ్గొట్టిన వ్యవస్థ ఏ కాగితం వెనుక దాక్కుందో గుర్తించడం వల్లనే ఒక ప్రాంతపు కూలీల సమస్య దేశ విధానం దాకా వెళ్లగలిగింది.

మీ సమస్యకు కూడా ఇటువంటి కీలకమైన కాగితం ఒకటి ఉంటుంది. అది ఒక ఉత్తర్వు కావచ్చు, ఒక ధ్రువపత్రం కావచ్చు, ఒక అధికారి చేయవలసిన తనిఖీ నివేదిక కావచ్చు. దాన్ని కనుక్కునే వరకు ప్రచారం మొదలుపెట్టకండి.

బాధితులను నిర్ణయాల్లో కూర్చోబెట్టండి

ఎవరి హక్కు గురించి మాట్లాడుతున్నారో వారు సంఘంలో సాక్షులుగా మాత్రమే మిగిలిపోకూడదు. ఏ కోరికను ముందు పెట్టాలి, ఎక్కడ రాజీ పడవచ్చు, ఎప్పుడు కోర్టుకు వెళ్లాలి అన్న నిర్ణయాలు వారి సమక్షంలో, వారి మాటకు బరువుండే విధంగా జరగాలి. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడిక చర్చల్లో వికలాంగుల సంఘాలు స్వయంగా పాల్గొన్నాయి; ‘మేము లేకుండా మా గురించి ఏదీ వద్దు’ అన్నది వారి నినాదం.

సమ్మతి అడగడం ఒక్కసారితో అయిపోయే పని కాదు. ఒక మహిళ తన అనుభవాన్ని సంఘం నివేదికలో రాయడానికి ఒప్పుకోవచ్చు, అదే మాట టీవీలో వినిపించడానికి ఒప్పుకోకపోవచ్చు, కోర్టులో అఫిడవిట్‌గా వేయడానికి మరోసారి ఆలోచించుకోవాలనుకోవచ్చు. ప్రతి ఉపయోగానికీ విడిగా అడగండి. వద్దంటే కారణం అడగకుండా ఆపండి. వెనక్కి తీసుకునే హక్కు ఉందని ముందే చెప్పండి. సాక్ష్యం చెప్పినందువల్ల ఉపాధి పోతుందా, ఇల్లు ఖాళీ చేయిస్తారా, బెదిరింపులు వస్తాయా అన్నది వారితో కలిసి లెక్క వేసుకోండి. ఆ ప్రమాదాన్ని తగ్గించే ఏర్పాటు మీ దగ్గర లేకపోతే, ఆ సాక్ష్యం ఎంత బలమైనదైనా వాడకండి.

కాదనలేని ఆధారాలు సేకరించండి

ఈ దశకే ఎక్కువ సమయం, ఎక్కువ ఓపిక కేటాయించండి. ప్రభుత్వాలు సాధారణంగా మొదట సమస్యే లేదంటాయి. పాకీ పని నిర్మూలన కోసం సఫాయి కర్మచారి ఆందోళన్ 2003లో సుప్రీంకోర్టుకు వెళ్లినప్పుడు, ఆ పనిని నిషేధించిన చట్టం వచ్చి పదేళ్లయింది. అయినా తమ దగ్గర ఆ పని జరగడమే లేదని రాష్ట్రాలు కోర్టుకు చెప్పాయి. సంఘం ఎక్కడ పొడి మరుగుదొడ్లు (మలాన్ని మనుషులే ఎత్తవలసినవి) ఉన్నాయో, అక్కడ ఎవరు పని చేస్తున్నారో వివరాలు, ఫొటోలతో సహా కోర్టు ముందు పెడుతూ వచ్చింది. 2013లో మరింత విస్తృతమైన కొత్త చట్టం వచ్చింది. 2014 మార్చి 27న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, 1993 నుంచి మురుగు కాలువల్లో మరణించిన వారి కుటుంబాలకు రూ.10 లక్షల చొప్పున పరిహారం ఇవ్వాలని ఆదేశించింది. అఫిడవిట్‌లో ‘లేదు’ అని రాసిన మాటకు జవాబు ఉపన్యాసంతో దొరకదు. చిరునామా, తేదీ, ఫొటో ఉన్న రికార్డుతోనే దొరుకుతుంది.

వాంగ్మూలం తీసుకునే కాగితాన్ని మీరే తయారుచేసుకోండి. పైన ఒక వరుస సంఖ్య, తేదీ, స్థలం, అడిగినవారి పేరు ఉండాలి. చెప్పేవారి పేరు ఆ కాగితం మీద రాయకుండా, ఏ సంఖ్య ఎవరిదో తెలిపే జాబితాను వేరే చోట, తాళం ఉన్న చోట దాచండి. కింద రెండు భాగాలు చేయండి: తాను స్వయంగా చూసినది ఒకవైపు, ఇతరులు చెప్పగా విన్నది మరోవైపు. ఈ ఒక్క విభజన మీ నివేదికను ఎన్నో దాడుల నుంచి కాపాడుతుంది, ఎందుకంటే ఎదుటివారు మొదట వెతికేది చూడని విషయాన్ని చూసినట్లు రాసిన చోటే. మాటలను చెప్పినవారి పలుకుబడిలోనే రాయండి, మీ ఉద్యమ భాషలోకి మార్చకండి. ముగించే ముందు మొత్తం చదివి వినిపించి, వారు చెప్పిన సవరణలు చేసి, ఎక్కడెక్కడ వాడవచ్చో సమ్మతి నమోదు చేయండి. ఫొటోలు, వీడియోల అసలు ఫైళ్లను ఏ మార్పూ చేయకుండా భద్రపరచి, నకళ్ల మీదే పని చేయండి.

ప్రతి ముఖ్యమైన ఆరోపణకూ ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు ఆధారాలైనా ఉండేలా చూడండి: ఒక వాంగ్మూలం, ఒక ప్రభుత్వ రికార్డు ఉంటే మంచిది. మీరు 3 జిల్లాల్లో మాత్రమే తిరిగి ఉంటే ఆ మాట నివేదిక మొదటి పేజీలోనే రాయండి. ఆధారాల పరిమితిని మీరే చెబితే అది నివేదికకు విశ్వసనీయతను ఇస్తుంది. ఎదుటివారు బయటపెడితే మిగతా నిజాల మీద కూడా అనుమానం కమ్ముతుంది. ప్రచురణకు ముందు సంబంధిత అధికారులకు ముఖ్యాంశాలు పంపి, జవాబుకు సహేతుకమైన గడువు ఇవ్వండి. జవాబు వస్తే చేర్చండి, రాకపోతే రాలేదని తేదీతో సహా నమోదు చేయండి.

ఆధారాలను మొదట బాధిత సమాజం ముందే పెట్టడం మరొక మంచి పద్ధతి. 1994 డిసెంబరులో రాజస్థాన్‌లోని కోట్ కిరానాలో జరిగిన తొలి ప్రజా విచారణలో పనుల రికార్డులను ఊరందరి ముందు పైకి చదివారు. జరగని పనికి, రాని మనిషికి చెల్లించినట్లు చూపిన లెక్కలు అక్కడున్న ప్రజలకు వెంటనే అర్థమయ్యాయి. ఏ నిపుణుడూ చేయలేని తనిఖీ అది, ఎందుకంటే ఎవరు పనికి వచ్చారో, ఎవరు రాలేదో ఆ ఊరివారికే తెలుసు. తరువాతి కాలంలో ఉపాధి హామీ చట్టంలో చోటు సంపాదించుకున్న సామాజిక తనిఖీకి మూలం ఇటువంటి విచారణల్లోనే ఉంది.

కోరికను ముసాయిదాగా రాయండి

‘చర్యలు తీసుకోవాలి’ అనే వాక్యాన్ని మీ పత్రాల నుంచి తొలగించండి. ఏ చట్టంలో ఏ సెక్షన్‌లో ఏ పదాలు తీసివేసి ఏ పదాలు చేర్చాలో, సవరణను ఎప్పటిలోగా నోటిఫై చేయాలో, అమలు చేసే అధికారి ఎవరో, చేయకపోతే ఏం జరగాలో రాయండి. సమాచార హక్కు ఉద్యమకారులు ప్రభుత్వం ముసాయిదా తెస్తుందని ఎదురుచూడలేదు. 1996లో ప్రెస్ కౌన్సిల్ సహకారంతో తామే ఒక ముసాయిదాను రూపొందించి చర్చకు పెట్టారు. మీ ముసాయిదా యథాతథంగా ఆమోదం పొందకపోవచ్చు. అయినా చర్చ మీ వాక్యాల మీద మొదలవుతుంది, ఆ లాభం తక్కువది కాదు.

ఖర్చు లెక్కను వదిలేయకండి. హక్కుకు వెల కట్టడమేమిటని అనిపించడం సహజం; అయినా డబ్బు లేదన్న జవాబు తప్పకుండా వస్తుంది కనుక దానికి సిద్ధంగా ఉండాలి. దక్షిణాఫ్రికాలో 1998లో ఏర్పడిన ట్రీట్‌మెంట్ యాక్షన్ క్యాంపెయిన్, తల్లి నుంచి బిడ్డకు హెచ్‌ఐవీ సోకకుండా నివారించే నెవిరాపిన్ మందును ప్రభుత్వ ఆసుపత్రులన్నిటిలో అందుబాటులోకి తేవాలని కోరింది. ప్రభుత్వం దానిని ప్రయోగాత్మకంగా ఎంచుకున్న కొద్ది కేంద్రాలకే పరిమితం చేసింది. తయారీ సంస్థ ఆ మందును 5 సంవత్సరాలు ఉచితంగా ఇవ్వడానికి ముందుకొచ్చింది కాబట్టి మందు వెల అడ్డంకి అన్న వాదన నిలబడలేదు. 2002 జులై 5న రాజ్యాంగ న్యాయస్థానం ఆ పరిమితులను తొలగించాలని ఆదేశించింది. ఆ తీర్పుకు ముందు సంఘం కార్యకర్తలు బస్తీల్లో ప్రజలకు మందుల గురించి, చికిత్స గురించి ఓపికగా నేర్పారు, ఊరేగింపులు జరిపారు. కోర్టులో వాదించింది న్యాయవాదులే అయినా, వాదనకు బలం ఆ చదువు నుంచి వచ్చింది.

అధికారులను, ప్రజాప్రతినిధులను కలవండి

నిర్ణయం తీసుకునేవారిని మాత్రమే కాక, ఆ నిర్ణయానికి ఫైలు తయారుచేసేవారిని కూడా గుర్తించండి. మంత్రి హామీ ఇచ్చినా, కింది స్థాయి అధికారి రాసే నోట్‌లో అభ్యంతరం ఉంటే ఫైలు కదలదు. అధికార పక్షంతోపాటు ప్రతిపక్ష సభ్యులను, బిల్లులను పరిశీలించే సభా సంఘాలను కలవండి. చాలా దేశాల్లో ముసాయిదాలను ప్రజాభిప్రాయానికి పెట్టే పద్ధతి ఉంది. భారత కేంద్ర ప్రభుత్వం 2014లో తెచ్చిన చట్టపూర్వ సంప్రదింపుల విధానం కనీసం 30 రోజుల గడువు ఉండాలంటుంది. ఆ గడువు మొదలయ్యాక ఆధారాలు వెతకడం ఆలస్యమే. నివేదిక అప్పటికి సిద్ధంగా ఉండాలి.

సమావేశానికి నలుగురి కంటే ఎక్కువ మంది వెళ్లకండి, వారిలో ఒకరు తప్పకుండా బాధిత సమాజం నుంచి ఉండాలి. ఒక పేజీ పత్రం ఇవ్వండి: సమస్య రెండు వాక్యాల్లో, ఆధారం మూడు వాక్యాల్లో, కోరిక ఒక వాక్యంలో. మాట్లాడేవారు ఒకరు, రాసుకునేవారు మరొకరు. అభ్యంతరం చెప్పినప్పుడు వాదించే ముందు అది పూర్తిగా వినండి, ఎందుకంటే సంతకం ఎందుకు ఆగిందో బయటపడేది అప్పుడే. బయటికి వచ్చిన రోజే, ‘ఈ రోజు సమావేశంలో మీరు ఫలానా తేదీలోగా ఫలానా పని చేస్తామన్నారు’ అని మర్యాదగా లేఖ రాసి, అందినట్లు రసీదు తీసుకోండి. అధికారి బదిలీ అయినప్పుడు ఆ లేఖ ఒక్కటే మిగులుతుంది.

కూటమి, వీధి, పత్రికలు

ఇతర సంఘాలతో కలిసినప్పుడు, కలవక ముందే మూడు విషయాలు రాతపూర్వకంగా తేల్చుకోండి: అందరి తరఫున ఎవరు మాట్లాడతారు, దేని మీద రాజీ ఉండదు, ఎవరైనా విడిపోవాలనుకుంటే ఎలా విడిపోతారు. 1992లో 6 సంస్థలు మొదలుపెట్టిన మందుపాతరల నిషేధ ప్రచారం వందల సంస్థలతో పెరిగి, 1997లో మందుపాతరలను నిషేధించే ఒట్టావా ఒప్పందానికి దారితీసి, అదే ఏడాది నోబెల్ శాంతి బహుమతి అందుకుంది. అన్ని దేశాల సంఘాలను కలిపి ఉంచింది పూర్తి నిషేధమన్న ఒకే స్పష్టమైన కోరిక.

బహిరంగ ఒత్తిడిని చర్చలకు ప్రత్యామ్నాయంగా చూడకండి. చర్చ ఆగిన చోట అది మళ్లీ తలుపు తెరవాలి. పత్రికా ప్రకటన ఇచ్చే ముందు అందులోని ప్రతి అంకెకూ మూలం ఏ ఫైలులో ఉందో ఒకరు సరిచూడాలి. ఊరేగింపుకు శాంతియుత ప్రవర్తన నియమాలు, చట్టపరమైన సహాయం అందించే న్యాయవాది సంప్రదింపు వివరాలు ముందే పంచండి.

కోర్టుకు ఎప్పుడు వెళ్లాలి

ఇది సంఘాలు తొందరపడే చోటు కనుక కొంచెం వివరంగా చెబుతాను. కోర్టు తీర్పు చట్టసభ వదిలేసిన ఖాళీని నింపగలదు. పని చేసే చోట లైంగిక వేధింపుల మీద విశాఖ అనే సంఘం, మరికొన్ని సంస్థలు వేసిన కేసులో 1997 ఆగస్టులో సుప్రీంకోర్టు, మహిళలపై వివక్షను రూపుమాపే అంతర్జాతీయ ఒడంబడికను కూడా ఆధారం చేసుకొని మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి స్థానంలో చట్టం రావడానికి 2013 వరకు పట్టింది. ఆ 16 ఏళ్లూ మార్గదర్శకాలే చట్టంగా పనిచేశాయి, కానీ వాటిని అమలు చేయించడానికి సంఘాలు ప్రతి సంస్థ దగ్గరా పోరాడవలసి వచ్చింది.

ఓటమికి కూడా సిద్ధపడాలి, ఎందుకంటే ప్రతికూల తీర్పు కేసు వేసిన వారితో ఆగకుండా అందరి మీదా పడుతుంది. స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన భారత శిక్షాస్మృతి సెక్షన్ 377 విషయంలో నాజ్ ఫౌండేషన్ అనే సంస్థ 2001లో వేసిన కేసుకు 2009లో ఢిల్లీ హైకోర్టు అనుకూలంగా తీర్పునిచ్చింది. 2013 డిసెంబరులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. చివరికి 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం వయోజనుల మధ్య పరస్పర సమ్మతితో కూడిన స్వలింగ సంబంధాలు నేరం కావని తేల్చింది. మధ్యలోని అయిదేళ్లు ఎన్నో జీవితాలు తిరిగి నేరం నీడలోకి వెళ్లాయి. కాబట్టి ఈ కేసు ఓడితే ఇప్పటికే ఉన్న రక్షణ ఏదైనా పోతుందా అని న్యాయవాదిని సూటిగా అడగండి, ఆ జవాబును బాధిత సమాజంతో చర్చించాకే వకాలత్‌నామా (న్యాయవాదికి కేసు అప్పగించే పత్రం) మీద సంతకాలు చేయండి.

మానవ హక్కుల కమిషన్లు కోర్టు కంటే తక్కువ ఖర్చుతో అందుబాటులో ఉంటాయి. గడువులు మాత్రం గమనించండి: భారత జాతీయ మానవ హక్కుల కమిషన్ ఘటన జరిగి ఏడాది దాటిన ఫిర్యాదులను విచారించదు.

అంతర్జాతీయ వేదికలు

ఐక్యరాజ్యసమితిలోని 193 సభ్య దేశాల్లో మానవ హక్కుల పరిస్థితిని సమితి మానవ హక్కుల మండలి దాదాపు నాలుగున్నర ఏళ్లకు ఒకసారి సమీక్షిస్తుంది. దీనికి నివేదిక పంపడానికి ఆ సంస్థలో సంప్రదింపుల హోదా అవసరం లేదు, చిన్న సంఘమైనా పంపవచ్చు. ఒక సంఘం ఒంటరిగా పంపితే 2,815 పదాలు, కలిసి పంపితే 5,630 పదాలు పరిమితి. సమీక్షకు చాలా నెలల ముందే గడువు ముగుస్తుంది. సిఫార్సులు చేసేది ఇతర దేశాలే కనుక, నివేదిక పంపి ఊరుకోకుండా, మీ అంశం మీద ఆసక్తి ఉన్న దేశాల రాయబార కార్యాలయాలకు మీరు కోరుకునే సిఫార్సును ఒకటి రెండు వాక్యాల్లో రాసి ఇవ్వండి. మీ ప్రభుత్వం ఏ సిఫార్సును అంగీకరించిందో, దేన్ని కేవలం గమనించామన్నదో చూసుకొని, అంగీకరించిన వాటిని స్వదేశంలో అధికారుల ముందు పెట్టండి. ఒడంబడికల అమలును చూసే నిపుణుల కమిటీలకు కూడా ప్రభుత్వ నివేదికతోపాటు మీ ప్రత్యామ్నాయ నివేదిక వెళ్లవచ్చు. ఈ వేదికలకు స్వయంగా చట్టం మార్చే శక్తి లేదు. మీ దేశంలో చర్చకు కొత్త బలం ఇచ్చే మేరకే వాటి మీద సమయం వెచ్చించండి.

సంఘాన్ని కాపాడుకోండి

హక్కుల కార్యకర్తల రక్షణ గురించి ఐక్యరాజ్యసమితి 1998లో ప్రకటన చేసింది, అయినా దాడులు, కేసులు, నిధుల ఆంక్షలు వస్తూనే ఉంటాయి. లెక్కలు ఏటా ఆడిట్ చేయించి ప్రచురించండి, విదేశీ నిధుల చట్టాలను అక్షరాలా పాటించండి, కీలక పత్రాలు ఒకరి ఫోన్‌లోనే ఉండనివ్వకండి. బెదిరింపు ఎంత చిన్నదైనా తేదీతో రాసి పెట్టండి. నిరంతరం బాధాకరమైన కథనాలు వినే కార్యకర్తలకు విరామం ఇవ్వండి.

చట్టం వచ్చిన తరువాత

గెజిట్‌లో అచ్చయిన రోజున చాలా కూటములు విడిపోతాయి. అది తప్పు, ఎందుకంటే సాధించినదాన్ని సన్నగిల్లజేసే ప్రయత్నాలు నిశ్శబ్దంగా వస్తాయి. సమాచార హక్కు చట్టాన్ని 2019లో సవరించి సమాచార కమిషనర్ల పదవీ కాలం, జీతాలు నిర్ణయించే అధికారాన్ని కేంద్రం తీసుకుంది. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత సమాచారానికి మినహాయింపు ఇచ్చే సెక్షన్ 8(1)(జె)ను మార్చింది. ఒట్టావా ఒప్పందం నుంచి వైదొలగడానికి 2025లో ఎస్తోనియా, లాత్వియా, లిథువేనియా, ఫిన్లాండ్, పోలండ్ నిర్ణయించాయి. మందుపాతరల నిషేధ ప్రచారం 1999 నుంచి ఏటా పర్యవేక్షణ నివేదిక ప్రచురిస్తూ ఉండడం వల్ల ఏ దేశం ఎక్కడుందో లోకానికి తెలుస్తోంది.

మీరు కూడా ఒక చిన్న పర్యవేక్షణ బృందాన్ని చట్టం రాకముందే నియమించుకోండి. చట్టం ఏ తేదీ నుంచి అమల్లోకి వచ్చిందో, నియమావళి నోటిఫై అయిందో లేదో, అమలు అధికారుల నియామకం జరిగిందో లేదో, మొదటి బడ్జెట్‌లో దానికి పద్దు ఉందో లేదో ఆ బృందం మూడు నెలలకోసారి సమాచార దరఖాస్తు ద్వారా అడగాలి. వచ్చిన జవాబులను మొదట వాంగ్మూలాలు ఇచ్చిన వారి దగ్గరకు తీసుకెళ్లి, కాగితం చెప్పేదీ తమ అనుభవమూ ఒకటేనా అని అడిగి, తేడా ఉన్న ప్రతిచోటా తదుపరి లేఖ రాయాలి.